దాలినాయుడి కూత

కబడ్డీ లీగులో ఏడు జట్లకి సొంత స్టేడియాలున్నాయి. ఎనిమిదో జట్టు పేరు అనకాపల్లి దిమ్మలు. వాళ్ళకి బెల్లం మార్కెట్టు వెనక ఒక రేకుల షెడ్డుంది. ఆ షెడ్డు ఎంత ఇరుకంటే, కూతకొచ్చిన ఆటగాడు కాస్త బారుగా కాలు చాపితే మొదటి వరసలో కూర్చున్న ప్రేక్షకుడు కూడా ఔటయ్యేవాడు. అలా ఔటైన ఒక పెద్దాయన రూలు రూలేనని మిగతా ఆటంతా బయట ఎండలో నిలబడ్డాడు. ఇక చీమల సంగతి. ఆ షెడ్డులో ఒక్క సీజను ఆడి వెళ్ళిన పరాయి ఊరి ఆటగాళ్ళ ఇళ్ళకి చీమలు దారి కనుక్కుని మరీ వచ్చేవి. నెల్లూరు జట్టు కెప్టెను పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటే సగం బియ్యం వాటంతటవే నడిచి వెళ్ళిపోయాయట.

ఆ జట్టుకి మేనేజరు నూకరాజు. సీజను అయిపోగానే మిగతా మేనేజర్లు ఎవర్ని కొనాలా అని ఆలోచిస్తారు. నూకరాజు మాత్రం ఎవరు పారిపోకుండా మిగులుతారా అని ఆలోచిస్తాడు. అనకాపల్లిలో ఎవడికైనా ఆట వచ్చిందని తెలిస్తే చాలు, పెద్ద ఊరి జట్టు ఒకటి వచ్చి పట్టుకుపోయేది. ఆట రాని వాళ్ళని మాత్రం ఎంత బతిమాలినా పట్టుకుపోయేవారు కాదు.

పోకుండా ఉన్నది ఒక్క దాలినాయుడే. నూకరాజు అక్క మంగమ్మకి మొగుడు. పెద్ద ఊళ్ళ నుంచి మనుషులొచ్చి అడిగినప్పుడల్లా అక్కడి నీళ్ళు తనకి పడవని చెప్పి పంపేసేవాడు. ఆ నీళ్ళు ఆయన ఎప్పుడూ తాగలేదు. కూతకెళ్తే ఇద్దర్ని ముట్టుకోకుండా తిరిగొచ్చేవాడు కాదు. గాలి పక్కకి తప్పుకుని దారిస్తుందని చూసినవాళ్ళు అనేవారు. కానీ ఈ ఏడు ఆయన మోకాలు పోయింది. ఇంకోసారి మెలిపడితే కాలు ముందుకి కాక వెనక్కి మడుస్తుందని డాక్టరు చెప్పాడు.

లీగు రూలు ప్రకారం ప్రతి జట్టూ కొందర్నే అట్టిపెట్టుకోవాలి, మిగతావాళ్ళని వేలానికి వదిలెయ్యాలి. నూకరాజు దగ్గర కూతగాడికి మిగిలింది ఒక్క చోటు. ఒకవైపు బావ. ఇంకోవైపు లోవరాజు. తుని అవతల నుంచి వచ్చి మార్కెట్టులో బెల్లం దిమ్మలు మోసే కుర్రాడు. వాడు నడిచొస్తుంటే లారీ వస్తోందని జనం పక్కకి జరిగేవారు. కానీ కూతకెళ్తే పెళ్ళిపందిట్లోకి ఎద్దు దూరినట్టే. ఒకడికి ఒడుపుంది, మోకాలు లేదు. ఇంకొకడికి రెండు మోకాళ్ళూ ఉన్నాయి, తల ఉండాల్సిన చోట మూడోది ఉందని జట్టులో అనుకునేవారు.

జట్టు ఓనరు గంగాధర్రావు గారు బెల్లం టోకు వ్యాపారి. ఆయన విశాఖపట్నంలో ఒక పరోటా తిని వచ్చి నూకరాజుని పిలిపించారు. ఆ పరోటా చేసినవాడు అంతకు వారం ముందు వరకూ పిండి ముట్టుకోలేదట. మణికట్టు పోయిన ఒక పాత పరోటా మాస్టరు ఒడుపు తీసి వాడికి పెట్టారట. పొరలు లెక్కపెట్టబోయి వదిలేశానని, మధ్యలో నిద్రొచ్చిందని ఓనరు గారు చెప్పారు. ఆ పని చేసినావిడ డాక్టర్ పరిమళ. హార్బరు దగ్గర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఆవిడ లేబరేటరీ. ఆయన లెక్క తేలిక. దాలినాయుడి ఒడుపు లోవరాజుకి. దాలినాయుడికి జీవితాంతం అసిస్టెంటు కోచ్ ఉద్యోగం.

ఒడుపు పోయాక బావ ఏం నేర్పుతాడని నూకరాజు అడిగాడు. కోచ్‌కి ఆట రావాలని రూలెక్కడుందని ఓనరు గారు అడిగారు. లేదు నిజమే.

దాలినాయుడు ఒప్పుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. మోకాలి మీద చెయ్యేసుకుని, ఊళ్ళోనే ఉండొచ్చు కదా అన్నాడు. అంతే.

*

ఐసు ఫ్యాక్టరీలో ఇంకా చేపల వాసన ఉంది. డాక్టర్ పరిమళ సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి మాట్లాడే మనిషి. యంత్రం చూస్తే నూకరాజుకి బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే టోపీ గుర్తొచ్చింది. టోపీలు రెండు. మధ్యలో పిండిమర అంత పెట్టె, అది ఊరికే ఉన్నప్పుడు కూడా గుర్రుపెడుతోంది.

ఇది జెరాక్సు కాదని ఆవిడ ముందే చెప్పింది. ఒడుపు అటు వెళ్తే ఇటు ఉండదు. పరోటా మాస్టరు ఇప్పుడు దుప్పటి కూడా దులపలేడు, అయినా సంతోషంగానే ఉన్నాడు. దుప్పటి ఆయన భార్య దులుపుతోంది.

"ఒడుపు మెదడులో ఏ మూలో నక్కి ఉంటుందండీ. ఊరికే రమ్మంటే రాదు. ఏ చప్పుడుతో అలవాటైందో ఆ చప్పుడుతోనే పిలవాలి. మీ ఆటలో అది సులువు, కూత ఉంది కదా. ఆయన కూత పెడుతుంటే యంత్రం ఆ మాట పట్టుకుని లాగుతుంది. దానికి ఏమేం అతుక్కుని ఉంటే అవన్నీ బయల్దేరతాయి."

అన్నీ బయల్దేరితే ఎలాగని ఓనరు గారు అడిగారు. అందుకే ముందు జల్లెడ పడతామని ఆవిడ చెప్పింది. ఆ మాటకి అతుక్కున్నవాటిని ఒక్కొక్కటే చూసి, అక్కర్లేనివి వెనక్కి నెడతారు. దానికి నెల పైనే పడుతుంది. ఓనరు గారి ముఖం వాడిపోయింది. లీగుకి పేర్లు పంపడానికి అంత గడువు లేదు. ఆటలో తప్ప ఇంకెక్కడా వాడని మాటైతే జల్లెడ అక్కర్లేదని డాక్టరు కాస్త ఆలోచించి అంది. దాలినాయుడి వైపు తిరిగి, మీ కూతేంటండీ, ఇంట్లోగానీ బయటగానీ ఆ మాట ఎప్పుడైనా అంటారా అని అడిగింది.

దాలినాయుడు నోరు తెరిచాడు.

"కబడ్డీయేనండి," అన్నాడు నూకరాజు. "కూతంటే ఇంకేటుంటాది? పెళ్ళికెల్లి భోజనాలకాడ కబడ్డీ కబడ్డీ అనుకోం కదండీ."

డాక్టరు నవ్వింది. ఓనరు గారు నవ్వారు. అప్పటికే రెండో టోపీ కింద కూర్చున్న లోవరాజు, అర్థం కాకపోయినా, అందరూ నవ్వారని నవ్వాడు. దాలినాయుడు నోరు మూసుకుని నేలకేసి చూసి తనూ చిన్నగా నవ్వాడు. అది సిగ్గనుకున్నాడు నూకరాజు.

టోపీ పెట్టారు. దాలినాయుడు ఊపిరి బిగించి కూత అందుకున్నాడు. ఎప్పటిలాగే ముక్కులోంచి, గొణుగుతున్నట్టు, ఎక్కడా తెగకుండా. పెట్టె గుర్రు ఆపింది. లోవరాజు కాళ్ళు, వాడికి చెప్పకుండానే, కుర్చీ కింద చిన్నగా అడుగులు వెయ్యడం మొదలుపెట్టాయి.

*

సాయంత్రం నూకరాజు బావని ఇంటికి తీసుకొచ్చాడు. దాలినాయుడి కూతురు గుమ్మంలో కూర్చుని జామకాయ కొరుకుతోంది. నాలుగో క్లాసు. బళ్ళో పేరు హిమబిందు. ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్ల కూడా ఎవర్నో అనుకునేది. ఇంట్లో, వీధిలో అందరికీ బుడ్డి.

దాలినాయుడు చెప్పులు విప్పుతూ ఆ పిల్ల వైపు చూసి, "ఈ గుంటెవులు బామ్మర్దీ?" అన్నాడు.

బావ, బామ్మర్ది కలిస్తే పరాచికాలు ఉండాల్సిందే. పైగా దాలినాయుడి పరాచికాలు మామూలువి కావు. ఒకసారి నూకరాజుకి పెళ్ళి చూపులని చెప్పి, కొత్త చొక్కా వేయించి, పశువుల ఆసుపత్రిలో కూర్చోబెట్టి వచ్చాడు. కాబట్టి నూకరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పకోడీల బండి సూరమ్మ మనవరాలు బావా. నిన్ను పెంచుకుందావని వచ్చీసింది."

బుడ్డి కూడా తండ్రి కూతురే. గబుక్కున లేచి చేతులు కట్టుకుంది. "అవునండి. మీ ఇంటికాడ చేపల పులుసు బాగుంటాదని ఇన్నాను."

"అలగేటమ్మా, ఉండు మరి. తినీసి ఎల్లు," అన్నాడు దాలినాయుడు.

మంగమ్మ వంటింట్లోంచి నవ్వింది. అందరూ పులుసు తిన్నారు. బుడ్డి ప్రతి ముద్దకీ, మా ఇంట్లో ఇలాగుండదండి అంటోంది. దాలినాయుడు ముల్లు తీసి పెట్టాడు, చుట్టాల పిల్లకి తీసి పెట్టినట్టు. నూకరాజుకి నవ్వాగక పొలమారింది. ఇంత గంభీరంగా ఇంతసేపు పరాచికం నడిపినవాడు మొత్తం జిల్లాలో ఇంకొకడు ఉండడనుకున్నాడు.

చేతులు కడుక్కున్నాక దాలినాయుడు భార్యని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "పొద్దుగూకతన్నాది. దానోలు ఎతుక్కుంటారు కాదేటి? గుంటని ఇంటికాడ దింపీసి వస్తాను."

"చాల్లే నాన్నా," అంది బుడ్డి.

దాలినాయుడు వెనక్కి తిరిగి చూశాడు, ఆ పిల్ల ఎవర్ని పిలిచిందోనని.

అప్పటికీ నూకరాజు మొహం మీద నవ్వు ఉంది. దాన్ని ఎలా తియ్యాలో తనకే తెలియలేదు. బుడ్డి వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడి, "నాన్నా, నాను బుడ్డిని," అంది. ఆయన చెవి ముందుకి పెట్టి, "ఏటి? మళ్ళీ సెప్పమ్మా," అన్నాడు. మళ్ళీ చెప్పింది. పెదాలు కదలడం కనిపించింది గానీ ఆ పేరు ఒక్కటే ఆయన చెవిలోకి దిగలేదు. గట్టిగా అరిచినా దిగలేదు. మిగతా మాటలన్నీ వినపడుతున్నాయి. ఆయన భార్య కేసి, బామ్మర్ది కేసి, సాయం చెయ్యమన్నట్టు చూశాడు.

*

మర్నాడు షెడ్డులో లోవరాజు కూతకెళ్ళాడు. నలుగుర్ని ముట్టుకుని తిరిగొచ్చాడు. ఎంత మెత్తగా ముట్టుకున్నాడంటే, ఆ నలుగురిలో ఒకడికి తను ఔటయ్యానని మధ్యాహ్నం అన్నం తింటుండగా గానీ తెలియలేదు. గంగాధర్రావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రేకుల షెడ్డు పుట్టిన దగ్గర్నుంచి అలాంటి కూత చూడలేదన్నారు. నిజానికి చూశారు, పదేళ్ళుగా దాలినాయుడిది చూస్తూనే ఉన్నారు. కానీ ఇది కొత్త మోకాళ్ళ మీద చూశారు.

లోవరాజు మధ్యగీత దగ్గర నిలబడిపోయాడు. నూకరాజు దగ్గరికి వెళ్తే వాడు చెయ్యి పట్టుకున్నాడు.

"మేనేజరు గారూ, బుడ్డికి చెవి నొప్పి తగ్గిందాండి?"

వాడు ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు. చెవి నొప్పి మొన్నటిది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.

"నాకింకా పెళ్ళవలేదండి," అన్నాడు లోవరాజు. "పొద్దున్న లేచేసరికి నాకు నాలుగో క్లాసు చదివే కూతురుందండి. బడికెళ్ళిందో లేదోనని గుండె పీకేస్తాంది. నేనేం చెయ్యనండి?"

నూకరాజు మేనేజరు. జట్టులో ఎవరికే కష్టమొచ్చినా ఏదో ఒకటి చెప్పడం ఆయన ఉద్యోగం. మంచినీళ్ళు తాగమని చెప్పాడు.

*

డాక్టర్ పరిమళ యంత్రంలో నిలిచిపోయిన కూతని మెల్లగా నడిపి వినిపించింది. మామూలు వేగంలో అది కబడ్డీ కబడ్డీయే. పదేళ్ళుగా అంపైర్లందరూ విన్నది అదే. మెల్లగా నడిపితే ముందు అక్షరం లేదు. మధ్యలో బ కూడా బు అయింది. బుడ్డీ, బుడ్డీ, బుడ్డీ, బుడ్డీ.

ఆవిడ యంత్రం ఆపేసింది. జల్లెడ పట్టి ఉండాల్సిందని అంది. మాట అడిగి కూడా పూర్తిగా వినలేదని అంది. నూకరాజు తప్పు తనదన్నాడు. ఇద్దరూ కాసేపు తప్పు నాదంటే నాదని వాదించుకున్నారు. ఎవరు గెలిచినా ఒరిగేదేమీ లేదని తెలిసి ఊరుకున్నారు.

"నన్నెవులడిగినారు?" అంది మంగమ్మ. ఆవిడ గోడ పక్కన నిలబడి ఉంది. "గుంట పుట్టిన కొత్తలో ఏడుపాపీది కాదు. ఈయన బుజానేసుకుని వాకిట్లో తిరుగుతా, ఒకే ఊపిరిన దాని పేరే కూత పెట్టీవోడు. ఏడుపూ ఆగీది, ఈయనకి దమ్మూ పెరిగీది. ఆ ఏడే కదరా ఈయన ఆట ఆటయినాది. కబడ్డీ అంటే సగంలో ఊపిరి తెగిపోతాదంట, దాని పేరంటే తెగదంట. రూలు కాదు, బయటికి తెలిస్తే పాయింట్లన్నీ పీకీస్తారని నా కాడ ఒట్టేయించుకున్నాడు. మిసను కూడా అంపైరులాగే ఇంటాదనుకున్నాడు కాబోలు."

ఆ ఆటకీ, ఆ పిల్లకీ ఒకే తాడు కట్టి ఉంది. తాడు లాగితే రెండూ వెళ్ళిపోయాయి.

వెనక్కి పంపమన్నారు. లోవరాజుని అడగాల్సిన పని కూడా లేకపోయింది, వాడే ముందొచ్చి టోపీ కింద కూర్చున్నాడు. ఆటా తీసేసుకోండి, కూతుర్నీ తీసేసుకోండి, ఇది నాది కాదండి, నాకు మొయ్యడం తెలీదండి అన్నాడు. జీవితమంతా మోతలు మోసినవాడు. కూత మొదలుపెట్టాడు. పెదాలు నీలంగా మారాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఆపమని డాక్టరు చెప్పినా ఆపలేదు, చివరికి కుర్చీతో సహా పక్కకి పడిపోయాడు. పెట్టె గుర్రుపెడుతూనే ఉంది. పక్క టోపీ కింద దాలినాయుడు మర్యాదగా కూర్చుని, ఇంకెంతసేపు పడుతుందని అడిగాడు.

డాక్టరు తనకి వచ్చినన్ని విధాల ప్రయత్నించింది. చివరికి, బెల్లం ఊరివాళ్ళకి అర్థమవుతుందనేమో, ఇలా అంది. "పాకం అచ్చులో పోశాం. గట్టిపడిపోయింది. మళ్ళీ చెరుకుగడ చెయ్యమంటే నావల్ల కాదండీ."

*

ఆ తర్వాత లోవరాజు రోజూ మార్కెట్టు పని అవగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ వీధిలోకి వచ్చేవాడు. ఇంట్లోకి రాడు. గేటు అవతల, కాలవ పక్కన నిలబడేవాడు. మొదటిరోజు బుడ్డి వాడికి పరీక్ష పెట్టింది. తన బొమ్మ పేరేంటని, ఎవరికీ చెప్పొద్దని నాన్న చెవిలో ఏం చెప్పానని, నిద్రలో ఏ పక్కకి దొర్లుతానని. వాడు అన్నిటికీ చెప్పాడు, చెప్పినప్పుడల్లా క్షమించమన్నట్టు తల దించుకుంటూ. ఆ పిల్ల కాసేపు వాడి మొహం వైపు అలాగే చూసింది. తర్వాత లెక్కల పుస్తకం తెచ్చి గేటు సందులోంచి ఇచ్చింది.

వాడున్నంతసేపూ నవ్వేది. లోపలికొచ్చాక మాట్లాడేది కాదు. దాలినాయుడు అరుగు మీద కూర్చుని గేటు వైపు చూసేవాడు, టికెట్టు కొనుక్కుని మరీ వచ్చినట్టు.

పేర్లు పంపాల్సిన రోజు దగ్గరపడింది. మంగమ్మ తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి, లోవరాజుని వదిలెయ్యమంది.

"ఆడు సెడ్డోడు కాదురా. నా కేసి కన్నెత్తి సూడ్డు. అదే నాకు బయం. నా పెనిమిటి అరుగు మీద కూకుంటే, ఇంకొకడు గేటుకాడ నించుని నా పిల్లకి తండ్రయిపోతన్నాడు. పంపీ తమ్ముడూ. దూరంగా ఎక్కడికైనా పంపీ."

నూకరాజు సరేనన్నాడు. వీధిలోకి వచ్చేసరికి అరుగు మీంచి బావ పిలిచాడు. వాడిని ఉంచమన్నాడు.

"ఆ గుంటెవులో నాకు తెల్దురా. నా కూతురంట, అందరూ సెప్తన్నారు, అబద్దమెందుకాడతారు. గాని నానెంత ఎతుక్కున్నా లోపలేటీ లేదు. నా కాడ కూకుంటే బిక్కుబిక్కుమంటాది. ఆడొస్తే నవ్వుతాది. ఆ నవ్వొకటే నాకు తెలిసింది దాని గురించి. ఉంచీ."

నూకరాజు ఆయనకి కూడా సరేనన్నాడు. ఇద్దరికీ సరేనని చెప్పి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఉంచాడో, ఎంతమందిని వదిలాడో. అప్పుడు చూసింది తొడల బలం, దమ్ము, వయసు. ఇప్పుడు రెండు చోట్లా ఒకే మనిషి ఉన్నాడు, సగం ఇక్కడ, సగం అక్కడ. సగాన్ని వదిలెయ్యడానికి లీగులో రూలు లేదు. అన్నం మీద ఈగలు కాదు, చీమలు వచ్చాయి. వాటినీ తోలలేదు.

చివరికి ఉంచాలనే తేల్చుకున్నాడు. అక్క తిడుతుంది. తిట్టనీ. ఆ పిల్లకి తండ్రి అరుగు మీద ఒకడు, గేటు దగ్గర ఒకడు ఉంటే, కనీసం ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు.

*

బెల్లం కొట్లో గంగాధర్రావు గారు అప్పటికే స్వీట్లు పంచుతున్నారు. నూకరాజు నోట్లో ఒకటి కుక్కి మరీ సంగతి చెప్పారు. దేశానికి అవతలి ఒడ్డు నుంచి, అంటే పశ్చిమాన ఉన్న ఓ మహానగరం జట్టు నుంచి ఫోనొచ్చింది. లోవరాజు కూత వాళ్ళ మనిషెవడో షెడ్డులో కూర్చుని చూసి వెళ్ళాడట. లోవరాజునిస్తే ముగ్గుర్నిస్తామన్నారు. ముగ్గురూ ఆట వచ్చినవాళ్ళే. పెద్ద ఊరి జట్టు అనకాపల్లికి ఆట వచ్చినవాడిని పంపడం ఎక్కడైనా ఉందా అని, తనే అడిగి తనే లేదన్నారు.

నూకరాజు స్వీటు మింగి మొత్తం చెప్పాడు. పులుసు సంగతి, చెవి నొప్పి, గేటు, అరుగు, అక్క, బావ. ఓనరు గారు మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కండువాతో తుడుచుకున్నారు. ఆయన చెడ్డమనిషి అయితే నూకరాజుకి కాస్త తేలికగా ఉండేది.

"నిన్న సెప్పినా ఆపీసీవోడ్ని నూకరాజూ. మాటిచ్చీసినాను. కాయితం ఎల్లిపోనాది. ఇప్పుడు కాదంటే లీగు మన జట్టునే తీసీస్తాది. మనోళ్ళందరూ రోడ్డు మీదుంటారు, మీ బావతో కలిపి." కండువా భుజాన వేసుకుని ఆశగా చూశారు. "పోనీ ఓ పని సేద్దారి. నాకు నలుగురు పిల్లలు కదా. నాలోంచి తండ్రి ఒడుపు తీసి దాలినాయుడికి పెట్టీమను. నాకేటి పరవాలేదు."

ఆయన ఇంటికొస్తున్నాడంటే ఆ నలుగురు పిల్లలూ తలో గదిలో దాక్కుంటారని మార్కెట్టంతటికీ తెలుసు. అయినా ఆయన నిజంగానే ఇస్తానన్నాడు. నూకరాజు దణ్ణం పెట్టి, విడుదల కాయితం మీద చూపించిన చోట సంతకం చేశాడు. మేనేజరు సంతకం లేకపోతే ఆటగాడు ఊరు దాటడానికి వీల్లేదు. అది పెట్టకపోతే ఇంకో మేనేజరు పెడతాడు.

*

కొత్తవాళ్ళు ముగ్గురూ పొద్దున రైలుకి దిగారు. వాళ్ళని బసకి చేర్చడమూ, లోవరాజుని రైలెక్కించడమూ రెండూ నూకరాజు పనే కాబట్టి, అందరూ ఒకే ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. ముగ్గురూ సూట్‌కేసుల మీద కూర్చుని, ఈ ఊళ్ళో ఈ తియ్యటి వాసనేంటని హిందీలో మాట్లాడుకుంటున్నారు. మంగమ్మ రాలేదు. బుడ్డి వస్తానంది. దాలినాయుడు, చిన్నపిల్ల ఒక్కతే ఎందుకని, కుంటుతూ వెంట వచ్చాడు.

లోవరాజు ఆ పిల్ల వైపు చూడలేదు. చూస్తే ఎక్కలేనని వాడికి తెలుసు. దాలినాయుడి ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. స్నానం చేసేప్పుడు ఎడమ చెవిలో దూది పెట్టాలండి. పాలల్లో మీగడ కనపడితే తాగదండి, వడకట్టాలండి. ఉరుములొస్తే భయం లేదంటుంది గానీ ఉందండి, అడక్కుండా పక్కన కూర్చోవాలండి. దాలినాయుడు ప్రతిదానికీ తలూపుతూ, పెదాల్లోనే మళ్ళీ అనుకుంటూ విన్నాడు. కొత్తగా జట్టులో చేరినవాడు కోచ్ దగ్గర వింటాడే, అలా. దూది, ఎడమ చెవి. మీగడ. ఉరుములు.

"జడ కూడా నేర్పీ," అంది బుడ్డి.

మంగమ్మ జడ వేస్తే లాగుతుందని, ఆ పిల్ల బడిలో చేరినప్పట్నుంచీ తండ్రే వేసేవాడు. ఈ కొన్నాళ్ళుగా జుట్టు ఊరికే రబ్బరు బ్యాండు పెట్టుకుని వెళ్తోంది. ఇప్పుడు ఆ బ్యాండు తీసి చేతికి తొడుక్కుని, ఇద్దరికీ వీపు పెట్టి నిలబడింది.

లోవరాజు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నోటితోనే చెప్పాడు. "మూడు పాయలు చెయ్యండి. ఆయ్. కుడిది మధ్యదాని మీంచి తెండి. ఇప్పుడు ఎడమది. కాదండి, అది ఇందాకటిదేనండి. ఎడమది. లాగకండి, దానికి నెప్పి."

దాలినాయుడి వేళ్ళు మొద్దుబారినట్టు కదిలాయి. ఒకప్పుడు ఏడుగురి మధ్యలోంచి గాలిలా వచ్చిన చేతులు. ఒక మెలిక పడింది. ఇంకోటి పడబోయి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. నుదుట చెమట పట్టింది.

రైలు కదిలింది. లోవరాజు తలుపు కడ్డీ పట్టుకుని ఎక్కాడు. ఎక్కి కూడా చెప్తూనే ఉన్నాడు. కాసేపటికి మాట వినపడలేదు, పెదాలు కదలడమే కనిపించింది. తర్వాత పెదాలూ కనపడలేదు. ఒక చెయ్యి మాత్రం గాల్లో అటూ ఇటూ అల్లుతోంది.

"తరవాతేటి? ఒరే, తరవాతేటి?" అన్నాడు దాలినాయుడు. పరిగెత్తడానికి మోకాలు లేదు. ఉన్నా, చేతిలో జడ ఉంది.

నూకరాజు పరిగెత్తగలడు. పరిగెత్తాడు కూడా, ప్లాట్‌ఫారం చివరిదాకా. వాడిని ఏమని అడగాలో మధ్యలో తట్టలేదు. రైలు పోయాక తిరిగి నడుచుకుంటూ వచ్చాడు.

కొత్తవాళ్ళు ముగ్గురూ సూట్‌కేసులు పట్టుకుని లేచారు. బస ఎక్కడని అడిగారు. దాలినాయుడు ఉన్నచోటే ఉన్నాడు, మూడు పాయలూ మూడు చోట్ల బిగించి పట్టుకుని, తరవాత ఏది ముందు రావాలో ఎవరైనా చెప్తారేమోనని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. నూకరాజుకి తెలియదు. ఆ ముగ్గురికీ తెలియదు.

బుడ్డి తల తిప్పలేదు. తిప్పితే, అల్లిన ఆ కాస్తా విడిపోతుంది.